పాత డెస్క్‌టాప్‌కి వైఫై - 3వ పాఠం: డబ్బా చాటున ఉన్న డాంగిల్

కిందటి పాఠంలో రౌటర్‌ని ఇనప బీరువా మీద నుంచి దించి, గోడకు ఎత్తుగా బిగించమన్నాను. చీమకుర్తిలో మా బావ ఆఫీసులో ఆ పని అయింది. మూడో రోజే ఫోను. "బామ్మర్దీ, సెల్లులో బాగానే వస్తా ఉంది. కంప్యూటర్లోనే తిరుగుడు తిరుగుతా ఉంది. మన గ్రానైట్ పలకలే అడ్డమంటావా?"

ఆఫీసు గోడకు ఆనించి గెలాక్సీ గ్రానైట్ పలకలు వరసగా నిలబెట్టి ఉంటాయి, అందుకని ఆయన అనుమానం. కానీ సెల్లూ కంప్యూటరూ ఉండేది ఒకే బల్ల దగ్గర. పలకలే అడ్డమైతే సెల్లుకి మాత్రం ఎలా అందింది?

వెళ్లి బల్ల కిందకి వంగి చూశాను. కంప్యూటర్‌కి వైఫై అందుకునే గోరంత డాంగిల్ సీపీయూ వెనక, గోడవైపు యూఎస్‌బీ పోర్టులో ఉంది. రౌటర్‌కీ దానికీ మధ్యలో సీపీయూ ఇనప డబ్బా. రేడియో తరంగాలు చెక్కనీ ఇటుకనీ కొంత బలం పోగొట్టుకునైనా దాటతాయి. రేకుని దాటలేవు. చుట్టుపక్కల తగిలి తిరిగొచ్చేదే ఆ డాంగిల్‌కి దక్కేది.

ముందు కొలవండి, తర్వాతే కదిలించండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఎన్ఈటీఎస్‌హెచ్, స్పేస్, డబ్ల్యూఎల్ఏఎన్, స్పేస్, షో, స్పేస్, ఇంటర్‌ఫేసెస్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరసల్లో సిగ్నల్ ఎదురుగా శాతం కనిపిస్తుంది. అంకె నిలకడగా ఉండదు కాబట్టి నిమిషం తేడాతో మూడుసార్లు చూసి కాగితం మీద రాసుకోండి. కింద మూలనుండే గీతల్ని నమ్ముకుంటే 40కీ 55కీ తేడా తెలియదు. బావ దగ్గర మూడుసార్లూ 40 దాటలేదు.

ఇప్పుడు కొనాల్సింది ఒక్క యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. మీటరున్నర చాలు. మరీ పొడుగైతే కరెంటూ డేటా రెండూ నీరసిస్తాయి, రెండు కేబుళ్లు అతికించే పని పెట్టుకోవద్దు. ఒక కొస సీపీయూకి, రెండో కొసకి డాంగిల్. దాన్ని బల్ల మీదకి తెచ్చి, మానిటర్ కంటే ఎత్తులో, రౌటర్ వైపు గోడకు టేపుతో అంటించండి.

అంటించే ముందు కాస్త ఓపిక పట్టండి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. గోడలకి తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, పక్కనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే డాంగిల్‌ని బెత్తెడు జరిపినా అంకె మారిపోతుంది. జరపండి, కొలవండి, మళ్లీ జరపండి. మాకు అరగంట పట్టింది. ఈలోపు బావ రెండుసార్లు టీ తెప్పించాడు. చివరికి కిటికీ పక్కన 70 దాటింది.

పోర్టు రంగు కూడా చూసుకోండి. నీలం రంగువి సాధారణంగా యూఎస్‌బీ 3. వాటిలో డేటా పారేటప్పుడు పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుందని ఇంటెల్ 2012లో కొలిచి చూపింది. నీలం పోర్టులో హార్డ్ డిస్క్ పెట్టి పక్కనే డాంగిల్ పెడితే నెట్ కుంటుతుంది. నీలం పోర్టుకి దూరంగా ఉన్న నల్ల పోర్టుని డాంగిల్‌కి ఇవ్వండి.

డాంగిల్ కాకుండా సీపీయూ లోపల వైఫై కార్డు, వెనక యాంటెన్నాలు ఉన్నవాళ్లకి కథ అదే. యాంటెన్నా నిలువుగా ఉండాలి, దాని కొస రౌటర్ వైపు చూపించకండి. దాని బలమంతా పక్కలకే, కొస వైపు దాదాపు ఏమీ ఉండదు. సీపీయూని గోడకి మూరెడు ఇవతలికి లాగినా తేడా కనిపిస్తుంది. అయస్కాంతం అడుగున్న వైరు యాంటెన్నాలు దొరుకుతాయి, అది ఇంకా సుఖం.

సిగ్నల్ బాగున్నా మధ్యమధ్యలో నెట్ తెగిపోతుంటే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులో కరెంటు ఆదా కోసం ఆపేసే గడికి టిక్ తీసేయండి.

ఇందాకటి నల్ల కిటికీలోనే చానల్ అని, అంటే రౌటర్ వాడే దారి నంబరు చూపే, ఇంకో వరస ఉంది. పొద్దున ఒకసారి, రాత్రి 8 గంటలకి ఒకసారి ఆ అంకె రాసి పెట్టుకోండి. పక్కింటి రౌటర్లతో పోరు వచ్చే పాఠంలో.