మెటర్నిటీ లీవ్‌లో జీతం తగ్గినప్పుడు ఇంటి బడ్జెట్ ఎలా వేసుకోవాలి?

లీవ్ ఎన్ని వారాలని అందరూ అడుగుతారు గానీ అందులో ఎన్ని వారాలకి ఎంత జీతం పడుతుందో చాలామంది చివరిదాకా కనుక్కోరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందంలో కనీసం 14 వారాల సెలవు, పాత జీతాన్ని బట్టి లెక్కేస్తే అందులో కనీసం మూడింట రెండొంతులు ఇవ్వాలని ఉంది, కానీ దాన్ని అన్ని దేశాలూ ఆమోదించలేదు, కాబట్టి మీకెంత వస్తుందో మీరే తెలుసుకోవాలి.

ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, నోటిమాట వద్దు. ఏ తారీఖు దాకా ఫుల్ జీతం, ఎప్పట్నుంచి సగం, జీతం అసలు రాని నెలలున్నాయా, లెక్క బేసిక్ మీదా మొత్తం మీదా, ఇన్సెంటివ్‌లూ ఓవర్‌టైమూ కలుపుతారా, ఇన్సూరెన్స్ కటింగులు లీవ్‌లో కూడా ఉంటాయా, ఇవన్నీ అడగండి. డబ్బులు ఏ రోజు పడతాయో కూడా అడగండి, ప్రభుత్వ స్కీమ్ నుంచి వచ్చేదైతే ఆలస్యం అవ్వచ్చు, మీ ఈఎంఐ మాత్రం దానికోసం ఆగదు.

తర్వాత నెలవారీ లెక్క రాయండి. మొత్తం లీవ్‌కి సగటు తీయొద్దు, సగటులో చూస్తే అంతా బానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఏ నెలలో ఇరుక్కుంటారో తెలీదు. భార్యాభర్తలిద్దరి జీతం కలిపి 100, అందులో లీవ్ తీసుకునే ఆమెది 40, ఇంటి ఖర్చు 85, బిడ్డ వచ్చాక నెలకి ఇంకో 8 అనుకుందాం. మొదటి రెండు నెలలు ఫుల్ జీతం కాబట్టి నెలకి 7 మిగులుతుంది. తర్వాత మూడు నెలలు ఆమెకి సగమే, ఇంటికొచ్చేది 80, ఖర్చు 93, నెలకి 13 తక్కువ. ఆరో నెల జీతమే లేదు, 33 తక్కువ. మొత్తం లోటు 72, ముందు మిగిలిన 14 తీసేస్తే 58. మీరు కూడబెట్టాల్సింది ఈ 58, ఎంతో కొంత దాచుకోవడం కాదు.

దీనికి మంచి పద్ధతి రిహార్సల్. డెలివరీకి ముందే ఆమె జీతంలో సగం జీతం పడిన రోజే వేరే అకౌంట్‌లోకి పంపేసి మిగతా 80తో ఇల్లు నడిపి చూడండి. మూడు నెలలు చేస్తే 60 పోగవుతుంది, పైగా ఏ ఖర్చు తగ్గించగలరో ఏది కుదరదో లీవ్‌కి ముందే తెలుస్తుంది.

బిడ్డ ఖర్చుల్లో ఒక్కసారి అయ్యేవీ నెలనెలా అయ్యేవీ విడిగా రాయండి. పుట్టిన కొత్తలో రోజుకి 10 డైపర్ల దాకా అవుతాయి, అంటే నెలకి 300. సున్నా సైజు బట్టలు మాత్రం కొన్ని వారాలకే పట్టవు, ఎక్కువ కొనొద్దు, ఎవరైనా వాడినవి ఇస్తానంటే సంతోషంగా తీసుకోండి. లీవ్ నెలల్లో పడే ఏడాది ప్రీమియంలు, పెద్ద పిల్లల స్కూల్ ఫీజులు కూడా అదే కాగితం మీద ఎక్కించండి. హెల్త్ పాలసీలో బిడ్డని చేర్చడానికి గడువు ఎంతో చూడండి. ఈఎంఐ కష్టమనిపిస్తే మిస్ అవ్వకముందే బ్యాంక్‌తో మాట్లాడండి, మిస్ అయ్యాక వెళ్తే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. జీతం తగ్గింది ఆమెకి కాబట్టి లోటు ఆమె సేవింగ్స్‌లోంచే తియ్యాలనుకోవడం అన్యాయం. బిడ్డ ఇద్దరిదీ, లోటూ ఇద్దరిదే. ఎవరి అకౌంట్ వాళ్ళదైతే లీవ్ ఉన్నన్నాళ్ళు ఆమె చేతి ఖర్చుకి నెలనెలా అడగకుండానే పడేలా ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టండి, ఒంట్లో బాగోని టైమ్‌లో డబ్బు అడుక్కునే పరిస్థితి రాకూడదు.

చివరగా, లెక్కని లీవ్ అయిపోయే రోజుతో ఆపొద్దు. ఆఫీస్‌లో చేరిన రోజునుంచే బిడ్డని చూసుకునేవాళ్ళకో క్రెష్‌కో కట్టడం మొదలవుతుంది, ఫుల్ జీతం మాత్రం నెలాఖరుకే పడుతుంది, అడ్వాన్స్ అడిగేవాళ్ళు కూడా ఉంటారు. ఆ నెలకి ఇంకో గడి గీసి లోటులో కలిపేయండి.