గుర్రానికి మాటిమాటికీ కడుపునొప్పా? ముందు లద్దెను నీళ్లలో వేసి చూడండి

లక్షణాలు: ముందుకాలితో నేల గీకుతుంది. తల తిప్పి డొక్కల వైపు చూసుకుంటుంది. దాణా ముట్టదు, పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ఇది కడుపునొప్పేనని గుర్రం ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కానీ డాక్టరు వచ్చేలోపు రెండు సంగతులు కనుక్కోండి బాబూ: రాత్రి నుంచి లద్దె ఎన్నిసార్లు వేసింది, తొట్టిలో నీళ్లు ఎంత తగ్గాయి. ఎవరిని అడిగినా "ఏమో అన్నా, సాయీసుకు తెలుసు" అంటారు. గుర్రాన్ని చూసుకునే ఆ సాయీసేమో ఊరెళ్లి ఉంటాడు.

దవడ ఎముక కింద వేళ్లు పెట్టి నాడి చూడండి. నిమిషానికి 28 నుంచి 44 వరకు మామూలే. 60 దాటినా, చిగుళ్లు ముదురు ఎరుపుకో నీలానికో తిరిగినా, ఆగకుండా పొర్లుతున్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి డాక్టరును పరుగున రప్పించండి. ఎద్దులకు పట్టినట్టు గొట్టంతో నోట్లో నూనె మాత్రం పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి కంటే ముందు అదే చంపుతుంది. డాక్టరు ముక్కులోంచి పొట్టలోకి గొట్టం దించి పోయడం వేరు.

మామూలు కారణాలు: నీళ్లు చాలకపోవడం, దాణా ఒక్కసారిగా మార్చడం. పెళ్లిళ్ల సీజన్ రాగానే బలమని ఉలవలు రెట్టింపు చేస్తారు, ఊరేగింపులో గంటల తరబడి నీళ్లు పెట్టరు. కొత్త దాణాను వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ముందుండాలి. ఇంతే.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా నొప్పి తగ్గినట్టే తగ్గి కొన్నాళ్లకు మళ్లీ వస్తోందా? మధ్యలో లద్దె పల్చబడుతోందా, తింటున్నా ఒళ్లు చేయడం లేదా? అయితే ఇసుకను అనుమానించండి. అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. సూదిమందు పడగానే గుర్రం లేచి తింటుంది కాబట్టి తగ్గిపోయిందనుకుంటారు. ఇసుక మాత్రం పెద్దపేగు అడుగున అలాగే పేరుకుని ఉంటుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో సవారీకి తిప్పే గుర్రాల్లాంటి వాటికే ఇది వస్తుందనుకోవద్దు. ఇసుక నేల మీద గడ్డి పరిచి మేపే ఏ గుర్రానికైనా రావచ్చు. రాలిన గింజల కోసం పెదవులతో నేలంతా ఊడుస్తుంది కదా, ప్రతి గింజతోనూ కాస్త ఇసుక లోపలికి పోతుంది.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. అప్పుడే వేసిన లద్దెలో, నేలకు తగలని పై ఉండలు అయిదారు తీసుకోండి. పారదర్శకంగా ఉండే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి వాటిని బాగా చిదిపి కలపండి. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, పైనున్న పీచూ నీళ్లూ మెల్లగా వంపేసి అడుగు తడమండి. వేళ్లకు గరగరమని చెంచాడు ఇసుక తగిలితే దొంగ దొరికినట్టే. తగలకపోతే మాత్రం ఇసుక లేదని తేల్చేయకండి, పేగులోనే కూర్చుని బయటికి రాకపోవచ్చు. వరసగా కొన్ని రోజులు చూడండి. డాక్టరు పొట్ట కింద స్టెతస్కోపు పెడితే ఒడ్డున అలలు వచ్చిపోతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. ఎక్స్‌రే సౌకర్యం ఉంటే ఇంకా మంచిది.

మందు ఇసబ్గోల్. రెండు చెంచాలు దాణాలో కలిపి "పని చేయలేదండీ" అంటారు. అది మనుషుల మోతాదు. గుర్రానికి కిలో బరువుకు గ్రాము చొప్పున, అంటే 400 కిలోల గుర్రానికి రోజుకు 400 గ్రాములు కావాలి. పేరుకున్న ఇసుక కదలాలంటే మెగ్నీషియం సల్ఫేట్‌తో (విరేచనానికి వాడే ఉప్పు) కలిపి ముక్కు గొట్టం ద్వారా కొన్ని రోజులు వరసగా ఇవ్వాలి, అది డాక్టరు చేతి పని. లద్దె పూర్తిగా ఆగిపోయి ఉంటే మీ అంతట మీరు ఏదీ తినిపించకండి.

ఇంత చేసి మళ్లీ నేల మీదే మేపితే నెల తిరక్కుండా మొదటికొస్తుంది. గడ్డి, గింజలు తొట్టిలోనే పెట్టండి, తొట్టి కింద రబ్బరు చాప వేసి రోజూ ఊడవండి. ఇసుక నేల మీదికి వదిలే ముందు కడుపునిండా ఎండుగడ్డి పెట్టండి. ఆకలి మీదున్న గుర్రం మట్టి కూడా నాకుతుంది.

ఇక మిగిలినవి. పురుగులైతే చాలావరకు లద్దె పరీక్షలో తేలుతుంది. పళ్లు వాడిగా పెరిగి సరిగ్గా నమలకపోతే ఏడాదికోసారి అరగదీయిస్తే చాలు. పేగు మెలిక, పేగులో రాళ్లు అరుదు. అలాంటి వాటికి దారి ఆపరేషనే, కాబట్టి గుర్రాలకు ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఎక్కడుందో, తీసుకెళ్లే బండి ఎవరి దగ్గర దొరుకుతుందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.