జర్మన్ కార్మిక పార్టీ పుట్టుకను తరగతిలో చెప్పడం ఎలా

నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికులకో, పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేసేవారికో షిఫ్టు దిగాక చరిత్ర తరగతి చెప్పదలచినవారు, జర్మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీని అంశంగా తీసుకుంటే మార్క్స్‌తో మొదలుపెట్టకపోవడమే మంచిది. అలా మొదలుపెడితే ఉన్న గంటా సిద్ధాంతానికే సరిపోతుంది. ఓటుతో మొదలుపెట్టండి.

1863 మే 23న లైప్‌జిగ్‌లో ఫెర్డినాండ్ లసాల్ నాయకత్వాన ఏర్పడిన, ఈ పార్టీకి మొదటి మూలమైన కార్మిక సంఘం ప్రధానంగా కోరింది సార్వత్రిక, సమాన, ప్రత్యక్ష ఓటుహక్కునే. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన ద్వంద్వయుద్ధంలో గాయపడి మరణించాడు. ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటించాలి, లేకపోతే ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. తరిమెన మీద కర్ర చెక్కే పనివాడైన ఆగస్ట్ బేబెల్, విల్‌హెల్మ్ లీబ్‌క్నెహ్ట్ కలిసి 1869లో ఐసెనాక్‌లో మరో పార్టీ పెట్టారు. జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యా పెత్తనంలో జర్మనీ ఏకం కావడం వీరికి ఇష్టం లేదు. 1871లో ఆ ఏకీకరణ జరిగిపోయాక ఈ రెండు పక్షాల తగవులో పదును తగ్గింది. 1875లో గోథాలో రెండు పక్షాలూ ఒక్కటయ్యాయి. అక్కడ ఆమోదించిన పార్టీ కార్యక్రమ పత్రాన్ని మార్క్స్ ఘాటుగా విమర్శించాడని చెప్పవలసిన చోటు ఇదే.

ఎక్కువ సమయం నిషేధకాలానికి ఇవ్వండి. జర్మన్ చక్రవర్తిపై రెండు హత్యాయత్నాలు జరిగాయన్న సాకుతో, ప్రభుత్వాధినేత (ఛాన్సలర్) బిస్మార్క్ 1878 అక్టోబరులో తెచ్చిన చట్టం పార్టీ సంఘాలను, సభలను, పత్రికలను నిషేధించింది గాని, అభ్యర్థులు వ్యక్తులుగా ఎన్నికల్లో నిలబడటాన్ని ఆపలేదు. ఈ సందు ఎక్కడుందో మీరు చెప్పకముందే వినేవారిని ఊహించమనండి. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో అచ్చైన పార్టీ పత్రిక దొంగచాటుగా సరిహద్దు దాటింది. పాటల సంఘాల ముసుగులో పరిచయాలు నిలిచాయి. పార్టీకి వచ్చిన ఓట్లవి మూడు అంకెలు బోర్డు మీద రాయండి: 1877లో సుమారు 4.93 లక్షల ఓట్లు, 1881లో 3.12 లక్షలు, 1890లో 14.27 లక్షలు. నడుమ బిస్మార్క్ 1883లో అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చాడు. ఈఎస్‌ఐ కార్డు జేబులో ఉన్నవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. అయినా కార్మికుల ఓటు మళ్లలేదన్నదే ఆ అంకెల సారం.

1890లో పార్టీకి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా పార్లమెంటు (రైష్‌టాగ్) లోని 397 స్థానాల్లో 35 మాత్రమే దక్కడం చాలామందికి అర్థం కాదు. మన పల్లెల జనం విశాఖకో హైదరాబాదుకో వలస పోయినట్టే అక్కడి జనమూ పట్టణాలకు పోయారు, నియోజకవర్గాల హద్దులు మాత్రం మారలేదు, దాంతో పట్టణాల్లో పోగైన ఓట్లకు తగ్గ స్థానాలు రాలేదు. పైగా ఎవరికీ సగానికి మించి ఓట్లు రానిచోట జరిగే రెండో విడత పోలింగులో మిగతా పక్షాలు దీనికి ఎదురుగా చేతులు కలిపేవి.

పలాసలో చెబితే స్త్రీల సంగతి తప్పక అడుగుతారు. అప్పటి ఓటు 25 ఏళ్లు నిండిన పురుషులకే. స్త్రీలకూ ఓటు ఉండాలని 1891లో ఎర్‌ఫుర్ట్‌లో పార్టీ ఆమోదించిన కార్యక్రమ పత్రం కోరింది. వారు దేశవ్యాప్త ఎన్నికలో మొదటిసారి ఓటు వేసింది 1919 జనవరిలో.

34.8 శాతం ఓట్లతో, 110 స్థానాలతో సభలో అతిపెద్ద పక్షంగా నిలిచిన 1912 ఎన్నిక దగ్గర తరగతి ఆపండి. 1914 ఆగస్టు 4న అదే పక్షం మొదటి ప్రపంచ యుద్ధ ఖర్చు కోసం తెచ్చే రుణాలకు ఎందుకు ఓటు వేసిందన్నది మరో సాయంత్రమంతా పట్టే చర్చ.