ఫోను నుంచి కంప్యూటర్‌కు వైఫైలో ఫైళ్లు వెళ్లడం లేదా? ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి

ఫోన్లో ఇంటర్నెట్ వస్తుంది, కంప్యూటర్లోనూ వస్తుంది, కానీ ఒకదానికొకటి కనపడవు. తిరుపతిలో జిరాక్స్ సెంటర్లలో, ఫోటో స్టూడియోల్లో, యూనివర్సిటీ హాస్టళ్లలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. చాలామంది వెంటనే యాప్ తీసేసి మళ్లీ వేస్తారు. తప్పు ఎక్కువసార్లు యాప్‌ది కాదు, నెట్‌వర్క్‌ది. ఇంటర్నెట్ వస్తోందంటే రెండూ రౌటర్ దాకా చేరుతున్నాయని మాత్రమే అర్థం. ఆ రౌటర్ వాటిని ఒకదానితో ఒకటి మాట్లాడనిస్తోందా లేదా అన్నది విడిగా చూడాలి.

దానికి రెండు నిమిషాలు చాలు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిషులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని టైపు చేసి ఎంటర్ కొడితే ఐపీవీ4 అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు వస్తుంది. ఫోన్లో వైఫై సెట్టింగ్స్‌కు వెళ్లి, కనెక్ట్ అయిన పేరు మీద నొక్కితే ఫోను అడ్రసు కనపడుతుంది. రెండూ రాసుకోండి. తర్వాత కంప్యూటర్లో పింగ్ (ping) అని, పక్కన ఫోను అడ్రసు టైపు చేసి ఎంటర్ కొట్టండి; ఫోను జవాబిస్తోందా లేదా అన్నది తెలుస్తుంది. ఈ పరీక్ష కంప్యూటర్ నుంచే చేయాలి, ఎందుకంటే ఫోను నుంచి వచ్చే పింగ్‌ను విండోస్ ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునే కాపలా) తరచూ ఆపేస్తుంది. రిప్లై అని వచ్చినా వరస మొత్తం చదవండి. చివర డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని ఉంటే అది ఫోను ఇచ్చిన జవాబు కాదు.

అడ్రసులే కలవడం లేదు

కంప్యూటర్‌కు 192.168.1.4, ఫోనుకు 192.168.0.7 అన్నట్టు ఉంటే మూడో అంకె తేడా చూడండి. మామూలు ఇళ్లలో, షాపుల్లో మొదటి మూడు అంకెలు ఒకటే ఉండాలి. కింద ఫైబర్ బాక్సు, మేడ మీద సిగ్నల్ కోసం ఇంకో రౌటర్ పెట్టిన చోట ఇలా అవుతుంది. ఆ రెండో రౌటర్ తన సొంత నెట్‌వర్క్ నడుపుతోందన్నమాట. తాత్కాలికంగా ఫోనును, కంప్యూటర్ను ఒకే రౌటర్‌కు కలపండి. శాశ్వతంగా అయితే రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టండి. ఫోను గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా పెట్టే వైఫై) ఉన్నా ఫైళ్లు పోవు.

అడ్రసులు కలిశాయి, పింగ్ పోవడం లేదు

ముందు ఫోనులో, కంప్యూటర్లో వీపీఎన్ ఆపి, ఫోను స్క్రీన్ వెలిగించి ఉంచి ఇంకోసారి చూడండి. అప్పటికీ పోకపోతే, అందులోనూ మీరున్నది హాస్టల్లోనో, రైల్వే స్టేషన్ దగ్గరి లాడ్జిలోనో అయితే, రౌటర్లో క్లయింట్ ఐసొలేషన్ పెట్టి ఉంటారు. లాడ్జిలో ఎవరైనా రిసెప్షన్ దాకా పోవచ్చు, పక్క గదిలోకి మాత్రం పోకూడదు, ఇదీ అంతే. ముక్కూమొహం తెలియనివాళ్లు మీ ల్యాప్‌టాప్‌ జోలికి రాకుండా పెట్టిన ఏర్పాటు కాబట్టి దాన్ని తీయించాలని చూడొద్దు.

ఇక్కడ సరైన దారి ఫోను హాట్‌స్పాట్. ఫోన్లో హాట్‌స్పాట్ వేసి ల్యాప్‌టాప్‌ను దానికి కలపండి. ఫైలు ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా పోతుంది, దానికి డేటా ఖర్చు కాదు. కానీ సందు దొరికింది కదా అని విండోస్ అప్‌డేట్లు దింపుకోవడం మొదలుపెడితే ప్యాక్ అయిపోతుంది. ఫోన్లో మొబైల్ డేటా ఆపేయండి, చాలా ఫోన్లలో హాట్‌స్పాట్ అలాగే నడుస్తుంది. లేదంటే ల్యాప్‌టాప్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి పోయి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి.

పింగ్ పోతోంది, యాప్‌లో మాత్రం పేరు రాదు

ఇప్పుడు చూడాల్సింది విండోస్ ఫైర్‌వాల్. కొత్త వైఫైని విండోస్ పబ్లిక్ అని పెట్టుకుంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్లు చాలావరకు ఆగిపోతాయి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ప్రాపర్టీస్ తెరిచి ప్రైవేట్ ఎంచుకోండి. సొంత ఇల్లు, సొంత షాపు, సొంత హాట్‌స్పాట్ అయితేనే ఈ మార్పు చేయండి; లాడ్జి వైఫైలో వద్దు. ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో మీ యాప్‌కు అనుమతి ఉందో లేదో చూడండి. లోకల్‌సెండ్ అనే ఫైళ్లు పంపే యాప్ వాడేవాళ్లు ఫైర్‌వాల్‌లో 53317 పోర్టును (ఆ యాప్ వాడే దారి నంబరు) టీసీపీ, యూడీపీ రెండింటికీ తెరవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే క్విక్ షేర్ అయితే రెండువైపులా బ్లూటూత్ కూడా వేసి ఉంచండి, విండోస్ యాప్‌లో ఎవరి నుంచైనా తీసుకునేలా మార్చండి. పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లలో బ్లూటూత్ ఉండదు కాబట్టి వాటికి లోకల్‌సెండే మేలు.

ఎఫ్‌టీపీ అడ్రసు బ్రౌజర్లో తెరుచుకోదు

కొన్ని ఫైల్ మేనేజర్ యాప్‌లు ఫోనునే ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) సర్వర్‌గా మార్చి ఒక అడ్రసు చూపిస్తాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లోనే ఎఫ్‌టీపీని తీసేశాయి. ఫైల్ మేనేజర్ యాప్ చూపించే అడ్రసును పోర్టు నంబరుతో సహా విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న అడ్రసు బార్‌లో కొట్టండి. నిన్న పనిచేసిన అడ్రసు ఈరోజు పనిచేయకపోతే, మధ్యలో కరెంటు పోయి రౌటర్ మళ్లీ ఆన్ అయి ఫోనుకు కొత్త అడ్రసు ఇచ్చి ఉంటుంది. రోజూ వాడే షాపుల్లో రౌటర్ డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే) సెట్టింగ్స్‌లో ఆ ఫోనుకు ఒక అడ్రసు కేటాయించుకుంటే ఈ బెడద ఉండదు. పని అయ్యాక సర్వర్ ఆపేయండి, మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా పోతుంది.

షేర్డ్ ఫోల్డర్ పాస్‌వర్డ్ తప్పంటోంది

కంప్యూటర్లో షేర్ చేసిన ఫోల్డర్‌ను ఫోను నుంచి తెరిచేటప్పుడు విండోస్ తెరిచే పిన్ చెల్లదు. అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డే పెట్టని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీద లాగిన్ కుదరదు.

పోతోంది కానీ నత్తనడక

బ్లూటూత్‌లో పంపుతున్నారేమో చూడండి. దాంట్లో 1 జీబీకి గంట పైనే పడుతుంది. వైఫైలోనే నెమ్మదిగా ఉంటే బ్యాండ్ చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు 4 ఎంబీ వచ్చిందనుకుంటే 8 జీబీ పెళ్లి వీడియోకు అరగంట దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 30 ఎంబీ వస్తే ఐదు నిమిషాల్లోపే అయిపోతుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లాంటి ఇరుకైన చోట్ల ప్రతి షాపుకూ ఒక రౌటర్ ఉంటుంది, 2.4లో అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఎక్కువమంది గమనించని కారణం ఇంకోటుంది. ఫోనూ కంప్యూటరూ రెండూ వైఫైలో ఉంటే ఒకే ఫైలు గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: ఫోను నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి కంప్యూటర్‌కు. రెండూ ఒకే బ్యాండ్‌లో ఉంటే వేగం సగానికి పడుతుంది. కంప్యూటర్‌కు లాన్ కేబుల్ పెట్టండి. కేబుల్ అందకపోతే ఫోను హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో వేయండి, అప్పుడు ఒక్క ప్రయాణమే. ఆ హాట్‌స్పాట్ ల్యాప్‌టాప్‌లో కనపడకపోతే దాని వైఫై కార్డు 2.4 మాత్రమే అందుకునే రకం అయి ఉండవచ్చు.

సగంలో ఆగిపోతుంది

స్క్రీన్ ఆరగానే ఫోను బ్యాటరీ కోసం యాప్‌ను నిద్రపుచ్చుతుంది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర ఆంక్షలు తీసేయండి. పెద్ద ఫైలు ఒక్కటే ప్రతిసారీ ఆగుతోందా? అది చేరాల్సిన మెమరీ కార్డు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ ఫైలు పట్టదు. ఇంటర్నల్ స్టోరేజీకి పంపండి.

ఫోటోలు వచ్చాయి, తేదీలన్నీ ఈరోజువే

ఎక్స్‌ప్లోరర్ చూపేది ఫైలు మారిన తేదీ. కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి డేట్ టేకెన్ ఎంచుకుని దాని ప్రకారం పేర్చండి, పెళ్లి ఫోటోలైతే ముహూర్తం ముందువీ తర్వాతవీ వరసలో పడతాయి. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చిన వాటిలో ఆ వివరం ఉండదు, సైజు కూడా తగ్గిపోయి ఉంటుంది. బంధువుల ఫోన్ల నుంచి అలా తెప్పించుకోవాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పండి. ఒక్కో ఫైలు 2 జీబీ వరకు పోతుంది.