ఆంటిమొనీ మీద మెరిసే ఆ గీత టోపలాజికల్ స్థితేనా? తేల్చుకునే పద్ధతి

ఆర్పెస్ (కాంతి తగిలి బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తినీ కోణాన్నీ కొలిచే పద్ధతి) చిత్రంలో ఫెర్మీ మట్టం (ఎలక్ట్రాన్లు నిండిన పై హద్దు) దగ్గర గీత మెరవగానే టోపలాజికల్, అంటే స్ఫటికం లోపలి శక్తి పట్టీల అల్లిక వల్ల ఉపరితలం మీద తప్పనిసరిగా పుట్టిన స్థితి, అని రాసేయకండి. అది ఉపరితలానిదేనా అన్నది ఒక ప్రశ్న, టోపాలజీ వల్ల పుట్టిందా అన్నది వేరే ప్రశ్న. జిర్కోనియం సిలికాన్ సల్ఫైడ్‌లో ఎక్స్ బిందువు (తరంగ సంఖ్యల పటంలో అంచున ఉండే బిందువు) దగ్గర ఎంతో ప్రకాశంగా ఉండే ఉపరితల స్థితి ఉంది. అది ఉపరితలం దగ్గర స్ఫటిక సౌష్ఠవం తగ్గడం వల్ల వచ్చినది, దానికి టోపాలజీ రక్షణ లేదు.

బెంగళూరు ల్యాబ్‌లలో ఈ పని కొత్తగా మొదలుపెట్టేవారికి ఆంటిమొనీ మంచి నమూనా. ఒకే మూలకం, పైగా 111 తలం వెంట చక్కగా చీలుతుంది.

ముందు లావే చిత్రంతో (ఎక్స్-రే వివర్తన చిత్రం) స్ఫటికం దిశ సరిచూసి, 2–3 మిల్లీమీటర్ల ముక్కను వెండి ఎపాక్సీతో హోల్డర్‌కు అంటించండి. పైన అదే ఎపాక్సీ బొట్టుతో చిన్న సిరామిక్ కడ్డీ నిలబెట్టండి; తర్వాత దాన్ని తోసి స్ఫటికాన్ని చీలుస్తారు. హెచ్20ఈ రకం ఎపాక్సీ అయితే 120 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నిమిషాలు ఉంచితే గట్టిపడుతుంది. పై బొట్టు స్ఫటికం కంటే చిన్నదిగా ఉండాలి. ఎక్కువ ప్రయోగాలు చెడేది ఇక్కడే: ఎపాక్సీ అంచు మీదుగా కారి హోల్డర్‌ను తాకితే, కడ్డీని తోసినప్పుడు స్ఫటికం చీలదు. చీల్చడం శూన్యంలోనే జరగాలి. 10⁻¹⁰ మిల్లీబార్ వద్ద కూడా, తాకిన ప్రతి అణువూ అంటుకుంటుందనుకుంటే, సుమారు 3 గంటల్లో ఒక పొర పేరుకుంటుంది. 5×10⁻¹¹ మిల్లీబార్ కంటే తక్కువ ఒత్తిడి, 20 కెల్విన్ చుట్టుపక్కల ఉష్ణోగ్రత ఉంటే నిశ్చింత.

ఇక అసలు పరీక్ష. ఫోటాన్ శక్తి మార్చితే ఉపరితలానికి లంబంగా ఉన్న తరంగ సంఖ్య మారుతుంది. నిటారు ఉద్గారంలో ఎలక్ట్రాన్ గతిజ శక్తికి అంతర్గత పొటెన్షియల్ (స్ఫటికం లోపల ఎలక్ట్రాన్‌కు అదనంగా ఉండే శక్తి) ఎలక్ట్రాన్ వోల్టుల్లో కలిపి, వర్గమూలం తీసి, 0.512తో గుణిస్తే ఆ సంఖ్య ఆంగ్‌స్ట్రామ్⁻¹లో వస్తుంది. పొటెన్షియల్ 10 ఎలక్ట్రాన్ వోల్టులనుకుంటే, 20 నుంచి 100 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లు ఆ సంఖ్యను దాదాపు 2.6 నుంచి 5.3 వరకు తీసుకెళ్తాయి. ఆంటిమొనీలో పట్టీలు మళ్లీ మొదటికి వచ్చే ఆవర్తనం సుమారు 1.67, అంటే ఈ పరిధి ఒకటిన్నర చుట్టు. 2 ఎలక్ట్రాన్ వోల్టుల మెట్లు చాలు. బల్క్ (స్ఫటికం లోపలి) పట్టీలు ఊగుతాయి, ఉపరితల పట్టీ కదలదు. ల్యాబ్ హీలియం దీపం ప్రధానంగా ఇచ్చేది 21.2, 40.8 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండు బిందువులతో ఊగుడు తెలియదు, ఫోటాన్ శక్తిని మార్చగల సింక్రోట్రాన్‌కు వెళ్లాల్సిందే. పొరల స్ఫటికాల్లో బల్క్ పట్టీ కూడా కదలనట్టే ఉంటుంది కాబట్టి, ఆ గీత బల్క్ పట్టీల మధ్య ఖాళీలోనే ఉందా అని స్లాబ్ లెక్కతో (పలుచని పలకగా స్ఫటికాన్ని ఊహించి చేసే కంప్యూటర్ గణన) పోల్చండి.

తర్వాత శాఖలు ఎక్కడ కలుస్తాయో వెంబడించండి. ఆంటిమొనీలో స్పిన్‌తో విడిపోయిన రెండు శాఖలు గామా (పటం మధ్య బిందువు) వద్ద కలిసి, ఎం (అంచు బిందువు) వైపు వెళ్తూ ఒకటి వాహక పట్టీలో, మరొకటి వేలెన్స్ పట్టీలో కలుస్తుంది. మామూలు రష్బా జంట (టోపాలజీతో పని లేకుండా, ఉపరితలం దగ్గర స్పిన్‌తో విడిపోయిన పట్టీలు) అయితే రెండూ ఒకే పట్టీకి చేరతాయి. గామా దగ్గర మాత్రమే కొలిస్తే ఈ తేడా దొరకదు, ఎం వరకూ వెళ్లండి.

ఉపరితల స్థితికి ఇంకో రుజువుగా చూపే ష్యూబ్నికోవ్-డి హాస్ డోలనాల (అయస్కాంత క్షేత్రంలో విద్యుత్ నిరోధం ఊగడం) పౌనఃపున్యం, క్షేత్రాన్ని వంచిన కోణం కొసైన్‌కు విలోమంగా పెరిగిందని మాత్రమే నమ్మకండి. పొడవాటి బల్క్ దీర్ఘవృత్తాకార పాకెట్ (ఎలక్ట్రాన్లు నిండిన చిన్న ప్రాంతం) కూడా తక్కువ కోణాల్లో అలాగే పెరుగుతుంది. పెద్ద కోణాలకు వెళ్లాకే అది ఆ నియమం నుంచి పక్కకు తప్పుకుంటుంది.