పీజీ థీసిస్‌కి పబ్‌మెడ్ సెర్చ్: మెడికల్ లైబ్రరీ సిబ్బంది ఎలా చేయాలి?

వరంగల్ కాళోజీ యూనివర్సిటీకైనా, విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీకైనా సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) పంపే గడువు దగ్గరపడిందంటే మెడికల్ కాలేజీ లైబ్రరీ డెస్క్ ముందు పీజీలు క్యూ కడతారు. "సార్, నా టాపిక్ మీద ఆర్టికల్స్ కావాలి, రేపటికల్లా." చాలా లైబ్రరీల్లో ఆ టైటిల్‌ని ఉన్నదున్నట్టు పబ్‌మెడ్ (వైద్య ఆర్టికల్స్ వెతికే ఉచిత వెబ్‌సైట్) పెట్టెలో కొట్టి, మొదటి పేజీలో వచ్చినవి ప్రింట్ తీసి చేతిలో పెడతారు. అది సెర్చ్ కాదు, పిల్లాణ్ణి వదిలించుకోవడం.

సామాను

ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్, ఎన్‌సీబీఐలో (పబ్‌మెడ్‌ని నడిపే అమెరికా సంస్థ) ఉచిత ఖాతా, ఒక కాగితం రిజిస్టర్. ఖాతాని లైబ్రరీ మెయిల్‌తోనే తెరవండి. ఉద్యోగి సొంత మెయిల్‌తో తెరిస్తే, ఆయన బదిలీ అయిన రోజున సేవ్ చేసిన సెర్చ్‌లన్నీ ఆయనతోనే వెళ్లిపోతాయి. ఎక్సెల్ ఉండగా కాగితం ఎందుకంటారా? కాగితం మీద కొట్టేసిన పదం కూడా కనిపిస్తుంది, అందుకు.

మీ లైబ్రరీకి లింక్ రిజాల్వర్ (ఆర్టికల్ పూర్తి పాఠం మీ లైబ్రరీకి ఎక్కడ దొరుకుతుందో చూపే సాఫ్ట్‌వేర్) ఉంటే, వెబ్ పేజీలో మామూలు పబ్‌మెడ్ లింకు పెట్టకండి. మీ లైబ్రరీ కోడ్ కలిపిన 'అవుట్‌సైడ్ టూల్' లింకు పెట్టండి. అలా వచ్చినవాళ్లకి ప్రతి అబ్‌స్ట్రాక్ట్ పక్కనా మీ లైబ్రరీ బటన్ కనిపిస్తుంది. ప్రభుత్వ కాలేజీలకి 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ అందుతున్నాయి. అవి ఉన్నాయని తెలియక ఆర్టికల్ కొనుక్కుంటున్న పీజీలు ఇంకా కనిపిస్తున్నారంటే తప్పు డెస్క్‌దే.

ప్రశ్న

టైటిల్ కాదు, ప్రశ్న అడగండి: ఏ రోగులు, ఏ చికిత్స, దేనితో పోలిక, ఏ ఫలితం? ఐదు నిమిషాల పని. ఉదాహరణకి ఒక పీజీ ప్రశ్న ఇలా తేలిందనుకోండి: పాము కాటు రోగులకి విరుగుడు ఇంజెక్షన్ ఆలస్యమైతే కిడ్నీ ఎంతమందికి దెబ్బతింటుంది?

పదాల గుంపులు కట్టడం

అందరూ బోర్లా పడేది ఇక్కడే. నింపాదిగా చదవండి.

పబ్‌మెడ్‌లో 3.5 కోట్లకు పైగా రికార్డులున్నాయి. మీరు కొట్టిన మాటని అది అలాగే వెతకదు. మీకు చెప్పకుండా దాన్ని మెష్ పదాలకీ (ఆర్టికల్ దేని గురించో చెప్పడానికి తగిలించే ప్రామాణిక పదాలు), పర్యాయపదాలకీ విస్తరిస్తుంది. కోట్స్ పెట్టినా, చివర నక్షత్రం గుర్తు పెట్టినా ఆ విస్తరణ ఆగిపోతుంది. కాబట్టి ప్రతి సెర్చ్ తర్వాత అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లి, హిస్టరీలో 'డీటెయిల్స్' బాణం నొక్కి, అది నిజంగా ఏం వెతికిందో చదవాలి. చదవనిదే ఫలితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. మా డెస్క్‌లో ఇది ఉత్తర్వు.

ఒక్కో విషయానికి ఒక గుంపు కట్టండి. అందులో మెష్ పదం ఒకవైపు, టైటిల్-అబ్‌స్ట్రాక్ట్‌లో రచయితలు రాసే మాటలు మరోవైపు, మధ్యలో 'ఆర్' (వీటిలో ఏది ఉన్నా చాలు అని). పాము కాటుకి మెష్ పదం 'స్నేక్ బైట్స్'. రచయితలు మాత్రం స్నేక్‌బైట్ అని కలిపీ రాస్తారు, స్నేక్ బైట్ అని విడగొట్టీ రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ సమస్యని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది 'స్నేక్‌బైట్ ఎన్‌వెనమింగ్' అనే పేరుతో. 'ఎన్‌వెనమ్' దగ్గర నక్షత్రం పెడితే ఎన్‌వెనమింగ్, ఎన్‌వెనమేషన్ రెండూ దొరుకుతాయి. నక్షత్రానికి ముందు కనీసం నాలుగు ఇంగ్లిష్ అక్షరాలుండాలి.

విరుగుడుకి మెష్ పదం 'యాంటీవెనిన్స్'. మన వార్డుల్లో ఆ మాట అనేవాళ్లెవరు? అందరూ ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వెనమ్) అంటారు. ఏఎస్‌వీ ఒక్కటే కొడితే సూక్ష్మజీవుల జన్యు పరిశోధనలూ, నిద్రలో శ్వాసకి వాడే యంత్రాలూ వచ్చిపడతాయి. పాము గుంపుతో 'అండ్' (రెండూ ఉండాలి అని) కలిపితే ఆ బెడద ఉండదు. స్పెల్లింగూ చూసుకోండి: మెష్ అమెరికన్ పద్ధతి, మన రచయితల్లో చాలామంది బ్రిటిష్ పద్ధతి. హీమోడయాలసిస్‌ని రెండు స్పెల్లింగుల్లోనూ పెట్టాలి.

"మెష్ పదం ఉండగా ఇదంతా ఎందుకు?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. పబ్‌మెడ్‌లో ఉన్న ప్రతి ఆర్టికల్‌కీ మెష్ ఉండదు. మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లో మెష్ పదాలు వేసే ప్రధాన భాగం) లేని జర్నల్స్‌వి పీఎంసీ (పూర్తి ఆర్టికల్స్ ఉచితంగా ఉంచే భాండారం) ద్వారా పబ్‌మెడ్‌లోకి వస్తాయి, వాటికి మెష్ పదాలు వేయరు. మన దేశపు జర్నల్స్ చాలా ఆ కోవలోవే. పాము కాటు మీద మెష్ ఒక్కటే నమ్ముకుంటే మన జిల్లా ఆసుపత్రుల అనుభవమే జారిపోతుంది. అదే కారణంతో 'హ్యూమన్స్' ఫిల్టర్ నొక్కకండి. మెష్ లేని రికార్డులన్నీ చప్పుడు లేకుండా మాయమైపోతాయి.

బ్రాకెట్లు! పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి లెక్కగడుతుంది. 'కిడ్నీ అండ్ స్నేక్‌బైట్ ఆర్ ఎన్‌వెనమింగ్' అని బ్రాకెట్లు లేకుండా కొడితే తేళ్లూ, జెల్లీఫిష్‌లూ, కిడ్నీతో సంబంధం లేని ప్రతి విషపు కాటూ వస్తుంది. ఏ గుంపుకి ఆ గుంపు బ్రాకెట్లో ఉండాలి.

ముందు రెండు గుంపులే కలపండి: పాము కాటు, కిడ్నీ. ఆలస్యం అనే విషయం చాలా అబ్‌స్ట్రాక్టుల్లో రాయరు, లోపలి పట్టికలో ఉంటుంది. దానికీ గుంపు కట్టి కలిపారా, కావాల్సినవే పోతాయి. రెండు గుంపులతో చదవలేనంత వస్తేనే మూడోది.

ఇప్పుడు పరీక్ష. తప్పకుండా దొరకాల్సిన ఐదారు ఆర్టికల్స్ గైడ్ దగ్గర అడిగి, వాటి పీఎంఐడీ నంబర్లని (ప్రతి రికార్డుకీ పబ్‌మెడ్ ఇచ్చే నంబరు) 'ఆర్'తో కలిపి వెతకండి. దాన్నించి మీ సెర్చ్‌ని 'నాట్'తో తీసేయండి. ఏమైనా మిగిలితే అవి మీ సెర్చ్‌కి దొరకనివి. వాటి టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ చదివితే మీరు మరిచిన మాట అక్కడే ఉంటుంది. సున్నా వచ్చేదాకా ఇదే పని.

గూగుల్ స్కాలర్ చాలదా అంటారు. ఎన్ని లక్షలు దొరికాయని చెప్పినా అది చూపించేది మొదటి వెయ్యే. ఆ వరస ఎందుకొచ్చిందో చెప్పదు. ఏఐ చాట్‌లు ఇచ్చే రిఫరెన్సుల సంగతి సరేసరి: పీఎంఐడీ వేసి చూడనిదే ఒక్కటీ నమ్మకండి. లేని ఆర్టికల్‌కి ఫుల్ టెక్స్ట్ కావాలని పీజీలు మా దగ్గరికి రావడం ఇప్పుడు మామూలైపోయింది.

సిబ్బంది

ఈ పని ఒక్కరికే తెలిస్తే, వాళ్లు సెలవు పెట్టిన రోజు లైబ్రరీ మూసినట్టే. కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. ఒకరు కట్టిన సెర్చ్‌ని రెండోవారు, పక్కన కూర్చోకుండా, ప్రెస్ 2015 చెక్‌లిస్ట్ (ఒకరి సెర్చ్‌ని ఇంకొకరు సరిచూడడానికి చేసిన జాబితా) పట్టుకుని చూడాలి. పక్కన కూర్చుంటే సర్దిచెప్పడం మొదలవుతుంది. ఒకరోజు వర్క్‌షాప్‌లకి పంపి సర్టిఫికెట్ తెచ్చుకోమనడం నాకు నచ్చదు. వారానికి ఒక పాత ప్రశ్న ఇచ్చి ఎవరికి వాళ్లు సెర్చ్ కట్టమంటే నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది.

చేతికి ఇచ్చేది

ఆర్టికల్స్ జాబితా ఒక్కటే ఇవ్వకండి. పూర్తి సెర్చ్ వాక్యం, తేదీ, వచ్చిన సంఖ్య కూడా ప్రింట్‌లో ఉండాలి. సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ వెతికి బేరీజు వేసే వ్యాసం) రాసేవాళ్లని 2021 నాటి ప్రిస్మా-ఎస్ (సెర్చ్ గురించి ఏమేం రాయాలో చెప్పే మార్గదర్శకం) ప్రకారం ఇవే అడుగుతారు. పీజీ సొంత ఖాతాలో ఆ సెర్చ్ సేవ్ చేయించి, నెలకోసారి మెయిల్ వచ్చేలా అలర్ట్ పెట్టించండి. థీసిస్ చివరి అధ్యాయం రాసే రోజుల్లో మళ్లీ వస్తారు. అప్పుడు రిజిస్టర్ తీసి, అదే సెర్చ్‌ని పాత తేదీ నుంచి ఆ రోజు వరకు నడిపి, కొత్తగా వచ్చినవి మాత్రం ఇవ్వండి.