రిమోట్‌తో నడిపే చిన్న రేసింగ్ బోటును చెరువులో వదిలే ముందు

• ముందు చోటు చూసుకోండి. తిరుపతి చుట్టుపక్కల ఏ చెరువైనా సరే, గుర్రపుడెక్క, వలలు లేని వైపు వెతకండి. పిల్లలు ఈదుతుంటే ఆ రోజు వద్దు. కల్యాణి డ్యామ్ నీళ్లు ఊరంతా తాగేవి, అటు పోకండి.

• లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బితే వాడొద్దు. సెల్లుకు 4.2 వోల్టులు దాటనివ్వొద్దు, ఛార్జింగ్ అయ్యేదాకా పక్కనే ఉండండి. మన ఎండలకు మూసిన కారులో దాన్ని వదిలితే చాలా ప్రమాదం.

• తేలిక బోటుకు బరువు సర్దడమే ప్రాణం. బ్యాటరీ పెట్టాక, వెనక అంచు నుంచి పొడవులో 30 శాతం దగ్గర రెండు వేళ్ల మీద నిలబెట్టి, ఎటూ ఒరగకుండా నిలుస్తుందేమో చూడండి. నీళ్లలో ముక్కు ఎగిరెగిరి పడుతుంటే బ్యాటరీని అర సెంటీమీటరు ముందుకు జరపండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలీదు.

• మూత చుట్టూ టేపును గోటితో రుద్ది అతికించండి. నా మొదటి బోటుకు ఒక్క మూల టేపు లేచింది, రెండు రౌండ్లకే మునిగింది. అప్పటినుంచి లోపల ఫోమ్ ముక్కలు పెట్టకుండా వదలను.

• ముందు రిమోట్ ఆన్, తర్వాత బోటు. ఆపేటప్పుడు బోటే ముందు. ప్రొపెల్లర్ దగ్గర వేళ్లు పెట్టొద్దు, కోసేస్తుంది.

• ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు గ్రీజు పెట్టండి.

• బోటు మధ్యలో ఆగిపోతే ఈదుకుంటూ వెళ్లొద్దు. గాలం తాడుకు టెన్నిస్ బంతి కట్టి, బోటు అవతలికి విసిరి మెల్లగా లాగండి.